ఎనిమిదో మూట

అమ్మ పోయి నలభై రోజులు.
నరీన్ కొండల మీద మంచు ఇంకా కదల్లేదు.
కొట్టంలో ఎనిమిది మూటల ఉన్ని,
చలి ముదరకముందు తన చేత్తో కత్తిరించింది,
మూతులు బిగించి ముడులు వేసింది.
ఆ ముడుల దగ్గరికి
నా వేళ్ళు పోవు.

చావు ఇంటికి ఒంటరిగా రాదేమో.
ఆ వారమే మాస్కో నుంచి ఎర్మెక్ రాశాడు,
ఫోనులో, రెండే ముక్కలు:
నా కోసం చూడకు.
ఇక్కడ ఒకామె ఉంది.
నాలుగేళ్ళు చూసినదాన్ని,
ఇంకో రెండు ముక్కలు ఎక్కువ రాస్తాడనుకున్నాను.
ఎవరి కోసం ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.
ఇవి అమ్మకు, ఇవి వాడికి అని
విడదీసి తోలడానికి
కన్నీళ్ళేమన్నా గొర్రెలా.

పొయ్యి రాజేయడం మానేశాను.
బిందెలో నీళ్ళు గడ్డకట్టి బిందె పగిలింది.
బురుల్‌కాన్ పిన్ని రోజూ గడపలో రొట్టె పెట్టి పోయేది,
నేను తీసేలోపు కుక్క తీసేది.
కుక్క బాగా ఒళ్ళు చేసింది.

నలభై ఒకటో పొద్దున
తలుపు కొట్టింది కాలిపా.
అమ్మా ఆమే పదకొండేళ్ళు మాట్లాడుకోలేదు,
నల్లమూతి గొర్రె ఒకటి ఎవరిదన్న తగాదాలో.
పెళ్ళి విందులో ఒకరు కూర్చుంటే
ఇంకొకరు లేచేవారు.
చేతిలో రెండు కర్రలు, బెరడు ఒలిచినవి.
పరామర్శ లేదు. తల నిమరలేదు.
"పురుగు పడుతుంది ఉన్నికి," అంది.
"మూటలెక్కడ?"

ఆమె వెనకే వీధి.
సగం చెవుడు బురుల్‌కాన్,
కొడుకును నదికిచ్చుకున్న దామీరా,
మొగుణ్ణి తానే వెళ్ళగొట్టిన షైర్‌గుల్,
ఇంకా ఏమీ పోగొట్టుకోని మేరిం ఒకతి, పన్నెండేళ్ళది,
గిన్నెలు మోయడానికి.

ముడులు వాళ్ళే విప్పారు.
పరిచిన ఉన్ని మీద కర్రలు లేచి పడ్డాయి.
నా కర్ర ఎవరి మీద పడుతోందో
షైర్‌గుల్ కనిపెట్టింది.
"ఇటు కొట్టవే, వాడి వీపు ఇటు పక్కనుంది!"
దుమ్ము లేచింది.
ఆ దుమ్ములో అందరి కళ్ళూ నీళ్ళే,
ఎవరిది ఏడుపో
ఎవరూ అడగక్కర్లేదు.

ఎనిమిదో మూట అడుగున
అమ్మ దువ్వెన దొరికింది.
చెక్కది, మూడు పళ్ళు లేనిది.
పళ్ళ సందున తెల్ల వెంట్రుకలు.

కర్రలన్నీ ఆగాయి.

కాలిపా నా చేతిలోంచి దువ్వెన తీసుకుంది.
ఒక్కో వెంట్రుకా లాగి
ఉన్ని నడిమధ్యన పెట్టింది.
పైన ఇంకో పొర కప్పి
అరచేత్తో అదిమింది.
పదకొండేళ్ళ తర్వాత ఆమె అమ్మను ముట్టుకోవడం
అదే.

ఈ పనిలో సూది లేదు, దారం లేదు, మగ్గం లేదు.
మరిగే నీళ్ళు, రెల్లు చాప చుట్ట, మోచేతుల బరువు.
వరసగా మోకాళ్ళ మీద వంగి
దొర్లిస్తాం, నొక్కుతాం, మళ్ళీ దొర్లిస్తాం,
విడివిడి పోగులు ఒకదాన్నొకటి
పట్టుకునేదాకా.
చేతులు మోచేతులదాకా ఎర్రబడ్డాయి.
"నీళ్ళు చాలినంత కాగలేదు," అని కాలిపా సణుగుతూనే ఉంది.
నా భుజానికి ఒక పక్క ఆమె, ఒక పక్క దామీరా.
దామీరా ఆ రోజంతా ఒక్కసారే నోరు విప్పింది:
"నది చప్పుడు నాకింకా పడదు.
కానీ నీళ్ళు తెచ్చుకోవాలి కదా."

పొద్దు వాలాక చుట్ట విప్పాం.
ఒక అంచు వంకర పోయింది.
"మీ అమ్మయితే మళ్ళీ చేయించేది!"
బురుల్‌కాన్ అరిచింది, తన చెవుడు మాకనుకుని.
నవ్వింది నేనేనని
కాసేపటికి గాని తెలియలేదు నాకు.

టీ తాగుతూ, ఎవరి వంకా చూడకుండా,
"ఆ గొర్రె నాదే," అంది కాలిపా.
గిన్నెల చప్పుడు ఆగింది.
"నీదే," అన్నాను.
"అమ్మకూ తెలుసు."
ఆమె చాలాసేపు
గిన్నెలోకి వంగే ఉంది.
మేరిం లేచి
చల్లారిన టీ పారబోసి వేడిది పోసింది.

ఆ రాత్రి గడపలో రొట్టె
కుక్క కన్నా ముందు నేను తీశాను.
సగం విరిచి దానికి పెట్టాను,
అలవాటు పడింది కదా పాపం.